కారు సిగరెట్ సాకెట్ మొరాయిస్తే... ఫ్యూజు మార్చే ముందు కారణం వెతకాలి

మల్కాపురం: కారులో సిగరెట్ వెలిగించుకునేందుకు ఏర్పాటు చేసిన సాకెట్‌కు ఇప్పుడు ఆ పని దాదాపు లేకుండా పోయింది. సెల్‌ఫోన్ ఛార్జర్ మొదలుకొని టైర్లలో గాలి నింపే చిన్న కంప్రెసర్ వరకు అన్నీ దానికే తగిలిస్తున్నారు. మల్కాపురం, సింధియా, గాజువాక పరిసరాల్లో అద్దె కార్లు నడిపేవారికి బేరం తెచ్చేది ఫోనే, దారి చూపేది ఫోనే. సాకెట్ పనిచేయకపోతే ఆ పూట సంపాదనకు గండి పడినట్లే. ఆ తొందరలో కొందరు కాలిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి పని కానిచ్చేస్తుంటారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

సాకెట్‌కు వెళ్లే తీగ ఎంత కరెంటును భరించగలదో లెక్కగట్టి ఫ్యూజును అమరుస్తారు. సాధారణంగా ఇది 10, 15 లేదా 20 ఆంపియర్లు ఉంటుంది. ఎరుపు రంగుది 10, నీలం 15, పసుపు 20. హద్దు మీరితే ముందుగా ఫ్యూజు కాలిపోయి తీగను కాపాడుతుంది. దాని బదులు రాగి తీగ పెట్టినా, పెద్ద ఫ్యూజు వేసినా కాలేది డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న వైరింగే. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాసు లీకై జరిగిన ఘోర అగ్నిప్రమాదాన్ని కళ్లారా చూసిన ఈ ప్రాంతవాసులకు నిప్పురవ్వ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ముందు చూడాల్సినవి

కొన్ని కార్లలో తాళం తిప్పితేనే సాకెట్‌కు కరెంటు వస్తుంది. కనుక తొలుత తాళం తిప్పి, వేరొక ఛార్జర్ పెట్టి చూడాలి. చాలాసార్లు లోపం సాకెట్‌లో కాక ఛార్జర్‌లోనే బయటపడుతుంది. అప్పటికీ పనిచేయకపోతే కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో చూసి సాకెట్ ఫ్యూజును గుర్తించాలి. లోపలి పట్టీ తెగి ఉంటే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. కొత్తది కూడా వెంటనే కాలితే మరొకటి వేయరాదు. ఎక్కడో షార్టు ఉందని దానర్థం.

షార్టుకు కారణం ఒక్కోసారి నవ్వు తెప్పిస్తుంది. రూపాయి బిళ్లో, పిన్నీసో, సిగరెట్ ప్యాకెట్‌లోని వెండి కాగితమో సాకెట్ అడుగున పడి ఉంటుంది. సాకెట్ మధ్యనున్న బొడిపె పాజిటివ్, చుట్టూ ఉన్న లోహపు గోడ ఎర్తు. రెంటి మధ్య ఏ లోహం పడినా షార్టే. దానిని తీయాలంటే ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. అది విప్పకుండా స్క్రూడ్రైవర్ దూర్చడం తగదు.

ఫ్యూజు బాగానే ఉంటే మల్టీమీటర్‌తో మధ్య బొడిపెకూ గోడకూ నడుమ వోల్టేజీ కొలవాలి. ఇంజిను ఆగి ఉన్నప్పుడు 12కు కాస్త పైన, నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూగా చూపాలి. ఏమీ చూపకపోతే మీటరు నల్ల తీగను గోడ నుంచి తీసి కారు బాడీ లోహానికి ఆనించి చూడాలి. అప్పుడు వోల్టేజీ వస్తే ఎర్తు తెగినట్లు, రాకపోతే పాజిటివ్ సరఫరా ఆగినట్లు. సముద్రపు గాలి తగిలే మన విశాఖలో ఆకుపచ్చని చిలుము పట్టడం మామూలే. బ్యాటరీ నెగటివ్ విప్పి, సన్నని ఉప్పు కాగితంతో రుద్దితే కొన్ని సాకెట్లు తిరిగి పనిచేస్తాయి.

కొత్త సాకెట్ బిగించడం

లోపలి స్ప్రింగు బిగువు తగ్గినా, ప్లాస్టిక్ కరిగినా సాకెట్ మార్చక తప్పదు. బ్యాటరీ నెగటివ్ విప్పాక ప్యానెల్ తీసి, వెనుకనున్న ప్లగ్గును లాగాలి. ఆ పరిసరాల్లో పసుపు రంగు ప్లగ్గులు కనిపిస్తే ముట్టుకోరాదు. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. లోహపు గొట్టం పక్కనున్న పట్టీలను లోపలికి నొక్కితే సాకెట్ బయటికి వస్తుంది. కొత్తది అదే గాడిలో కూర్చోబెట్టాలి. తీగల రంగులు కారుకో తీరు గనుక రంగును నమ్మి కలపక, మీటరుతో సరిచూసుకోవాలి.

ఓడరేవు లారీల డ్రైవర్లు మరో విషయం గమనించాలి. లారీల విద్యుత్ వ్యవస్థ ఎక్కువగా 24 వోల్టులది. ఛార్జర్‌పై 12 నుంచి 24 వోల్టులని రాసి ఉంటేనే అందులో పెట్టాలి. కేవలం 12 వోల్టుల ఛార్జర్ పెడితే అది కాలిపోవచ్చు, ఫోనుకూ ముప్పే. కార్ల విషయానికొస్తే, 10 ఆంపియర్ల ఫ్యూజుపై 120 వాట్లకు మించి లాగకూడదు. గాలి కంప్రెసర్ వాడేటప్పుడు ఛార్జర్లు తీసేసి, దాని మీద రాసిన ఆంపియర్లను ఫ్యూజుతో పోల్చుకోవాలి.