పెట్రోలు కార్డు లెక్క

యానాంలోని పెట్రోలు బంకుల ముందు ఆంధ్రప్రదేశ్ బండ్లు ఆగి ఉండటం చూస్తుంటాం. పుదుచ్చేరి ప్రభుత్వం విధించే పన్ను తక్కువ. అందువల్ల అక్కడ లీటరు ధర కొన్ని రూపాయలు తగ్గుతుంది. కాకినాడ వైపు నుంచి వచ్చేవారు ట్యాంకు నింపుకొని వెళ్తారు. సరిహద్దుకు దూరంగా ఉన్నవారికి ఆ వీలు లేదు. వారిలో కొందరు క్రెడిట్ కార్డును ఆశ్రయిస్తున్నారు.

క్రెడిట్ కార్డు అంటే చేతిలో ఉన్న డబ్బు కాదు, అప్పు. బంకులో కార్డు వాడినప్పుడు సొమ్ము చెల్లించేది బ్యాంకు. తరువాత బిల్లు వస్తుంది. గడువులోగా మొత్తం కట్టినవారికి వడ్డీ ఉండదు. జనం తమ కార్డునే వాడాలని బ్యాంకులు కొనుగోళ్లపై పాయింట్లు ఇస్తాయి. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలు బ్యాంకులతో కలిసి ప్రత్యేక కార్డులు తెచ్చాయి. ఆ సంస్థ బంకులలోనే పాయింట్లు ఎక్కువ.

ఒక లెక్క చూద్దాం. ఒక కార్డుపై నూరు రూపాయల పెట్రోలుకు 13 పాయింట్లు వస్తాయనీ, 4 పాయింట్లు ఒక రూపాయికి సమానమనీ అనుకుందాం. ఒక కుటుంబం నెలకు 4,000 రూపాయల పెట్రోలు పోయిస్తే 520 పాయింట్లు, అంటే 130 రూపాయలు వస్తాయి. ఏడాదికి 1,560 రూపాయలు. కార్డు వార్షిక రుసుము 499 రూపాయలైతే, 18 శాతం జి.ఎస్.టి.తో కలిపి సుమారు 589 అవుతుంది. మిగిలేది 971 రూపాయలు. నెలకు వెయ్యి రూపాయల పెట్రోలుతో సరిపెట్టుకొనే స్కూటరు మనిషికి ఏడాదికి వచ్చేది 390 రూపాయలే. అది రుసుముకే చాలదు.

ప్రకటనలలో 'సర్‌ఛార్జి మినహాయింపు' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. దానిని లాభంలో కలపకూడదు. కార్డుతో పెట్రోలు కొన్నవారిపై సాధారణంగా ఒక శాతం సర్‌ఛార్జి పడుతుంది. నగదు ఇచ్చేవారికి అది అసలే లేదు కదా!

అసలు చిక్కు వడ్డీలో ఉంది. బిల్లులో 'కట్టవలసిన కనీస మొత్తం' అని ఒక చిన్న అంకె కనిపిస్తుంది. అది మాత్రమే కట్టి ఊరుకుంటే బాకీపై కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు మూడున్నర శాతం చొప్పున 4,000 రూపాయల బాకీకి నెల వడ్డీ 140 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. 25 రూపాయల 20 పైసలు. ఆ నెల వచ్చిన పాయింట్ల విలువ 130 రూపాయలే. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా పోయించిన పెట్రోలుకు కూడా వడ్డీలేని గడువు దొరకదు.