మృదులాస్థిలోని కావలి



వృద్ధాప్యమున మోకాళ్లు నొచ్చినప్పుడు "గుజ్జు అరిగినది" అని మనమందుము. ఆ గుజ్జునకే శాస్త్రమున మృదులాస్థి యని పేరు. ఎముకయు నెముకయు నొరసికొనకుండ నడుమ నుండి బరువు నోర్చునది యిదియే. దీని క్షేమమునకు మూలమైన యొక సూక్ష్మమగు నేర్పాటును గూర్చి నేడు విన్నవించెదను.

మృదులాస్థి బరువులో నూటికి సుమారు 70 నుండి 80 పాళ్లు నీరే. ఆ నీటిని పట్టి నిలుపునది అగ్రెకాన్ అను పదార్థము. దానిని చెదరనీయక వలవలె బిగించి యుంచునది కొలాజెన్ అను మాంసకృత్తు. ఈ రెంటిని తయారుచేయునవి యందు విడివిడిగా నుండు కొలదిపాటి జీవకణములు. పెద్దల కీళ్లలోని మృదులాస్థికి రక్తనాళములు లేవు. కావున గాయపడిన చర్మమువలె నిది మానదు. చర్మమందలి కొలాజెన్ సగము మాఱుటకు సుమారు 15 సంవత్సరములు పట్టగా, మృదులాస్థియందు నూఱేండ్లకు పైగా పట్టునని 2000 సంవత్సరమున శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. అనగా చిన్నతనమున నేసిన వలయే కడవఱకు మనకు దిక్కు.

అట్టి వలకు పోగులు మొదటనే సరిగా నుండవలెను గదా! మాంసకృత్తు తొలుత పూసలదండవలె పొడవుగా తయారగును. పిమ్మట తగిన తీరున మడతపడిననేగాని పనికిరాదు. కొలాజెన్ విషయమున మూడు పోగులు కలిసి త్రాడువలె పురి యెక్కవలెను. ఈ పని కణములోని పొరల యరలయందు జరుగును. అచ్చట సహచర మాంసకృత్తులు అనునవి క్రొత్త పోగును పట్టుకొని, అది సరిగా మడతపడువఱకు విడువవు. ఎంతకును కుదరనిదానిని కణము వెలికి నెట్టి, యుబిక్విటిన్ అను గుఱుతు తగిలించి, ముక్కలు చేయును. ఈ గుఱుతు మర్మమును కనుగొన్నందులకు సిచానోవర్, హెర్ష్కో, రోజ్ అను మువ్వురకు 2004లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మీయబడెను. కణము తనలోని చెత్తను తానే జీర్ణించుకొను మఱియొక విధానమును వివరించిన జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి 2016లో వైద్యశాస్త్రమున నదే గౌరవము లభించెను. వయస్సు మీఱినకొలది మృదులాస్థి కణములలో నీ రెండవ విధానము సన్నగిల్లుననియు, కీళ్లరుగుటకు నదియు దోడ్పడుననియు పరిశోధనలు తెలుపుచున్నవి.

ఈ కావలికి మోయలేని భారము పడిన నేమగును? కొందఱు శిశువులు పుట్టుకలో తక్కినవారివలెనే యుందురు. రెండేండ్ల ప్రాయము వచ్చుసరికి ఎదుగుదల మందగించి, నడక యూగిసలాడును. కాంప్ అను మాంసకృత్తునకు సంబంధించిన జన్యువులో చిన్న మార్పు గలుగుటయే దీనికి కారణము. ఆ మాంసకృత్తు సరిగా మడతపడక కణములోనే పేరుకొనును. తుదకు కణమే నశించును. బాల్యమున నెముకలు పొడవగునది మృదులాస్థి మూలముననే కావున బిడ్డ పొట్టిగా నుండిపోవును. బుద్ధికి మాత్రము లోప ముండదు. తలిదండ్రులలో లేని యీ మార్పు బిడ్డయందే క్రొత్తగా పుట్టుటయు తఱచు.

ఇట్టి బిడ్డ గల యింట, గర్భవతిగా నున్నపుడు గ్రహణము చూచినదని తల్లిని నిందించు మాట మన పల్లెలలో వినబడును. ఆ నింద కాధారము లేదు. పదిమంది చెవినిడు మాట మీది. ఆ తల్లి పక్షమున మీరే పలుకవలెను. బిడ్డను వైద్యునికి జూపింపుడు, బడికి బంపింపుడు.

ఇక మనవంటి వృద్ధులకు రెండు మాటలు. కొలాజెన్ పురి నిలుచుటకు సి విటమిను కావలెను. అది యుసిరికాయలోను, జామపండులోను సమృద్ధిగా గలదు. శరీరపు బరువు తగ్గించుకొని, తగుమాత్రము నడచి, తొడకండలకు బలము చేకూర్చుకొన్న మోకాలికి భారము తగ్గును. అరిగిన గుజ్జును మరల మొలిపింతుమని చెప్పు నూనెలకు, పొడులకు సొమ్ము పోయకుడు. నూఱేండ్ల వలను సీసాలోని నూనె నేయజాలదు.

సెలవు.