విజయాశోధనము

విజయ యనఁగా గంజాయిమొక్క. దీనికే భంగ యనియుఁ బేరు. ఈ మొక్క యాకును నీటఁ గడిగి, యెండించి, నేతిలో వేయించుటను వైద్యులు శోధనమందురు. శోధితమనఁగనే మత్తు వాసినదని తలఁచువారు పెక్కురు గలరు. ఈ తలంపు శబ్దార్థమునకును ద్రవ్యస్వభావమునకును గూడ విరుద్ధము.

భంగాశబ్దము మిక్కిలి ప్రాచీనము, అథర్వవేదమునందే కలదు. పాణిని పంచమాధ్యాయమున ద్వితీయపాదమునఁ దిలమాషాదులతోఁ జేర్చి, భంగ పండు పొలమునకు 'భంగ్యము', 'భాంగీనము' అను రూపద్వయమును సాధించెను. అనఁగా నానాఁటికే యది సేద్యపుఁబైరు. దాని రజస్సునకు 'భంగాకటము' అను రూపమును వార్తికకారుఁడు చెప్పెను. అమరసింహుఁడు వైశ్యవర్గమున 'మాతులాని' యని పర్యాయము నిచ్చెను. వీరెవ్వరు నిచ్చట మత్తుమాట యెత్తలేదు. శార్ఙ్గధరుఁడు మాత్రము వ్యవాయిద్రవ్యములకు నల్లమందుతోఁబాటు భంగ నుదాహరించెను. తొలుత దేహమంతట వ్యాపించి పిమ్మటఁ బాకమునొందునది వ్యవాయి. ఇట్టిదానిని వైద్యులు శుద్ధిచేయకుండ మందులలోఁ గలుపరు.

ఎండిన యాకును పలుచని బట్టలో మూటగట్టి, నీట నానఁబెట్టి పిసుకుదురు. పసరు దిగిన నీటిని పాఱఁబోసి క్రొత్తనీరు పోయుదురు. మూటనుండి తేటనీరు వచ్చువఱకు నిట్లు చేసి, పిండి, యెండలో నాఱఁబెట్టి, యావునేతిలో సన్నసెగపై వేయింతురు. తుమ్మపట్టకషాయమునఁ గాని యావుపాలలోఁ గాని యుడికించు పద్ధతులును గలవు.

ఇందు నీరు కొనిపోవునవి మన్ను, దుమ్ము, లవణములు, చక్కెరలు, నీటఁ గరఁగు వగరులు. ఆకునకుఁ బచ్చనిరంగు నిచ్చు ద్రవ్యము సయితము నిజమునకు నీటఁ గరఁగదు. పసరునీట గానవచ్చు పచ్చఁదనము చాలవఱకు నలిగిన యాకుపొడిది. మత్తుండుచోటు వేఱు. ఆఁడుపూగుత్తులపై మిక్కుటముగను, చుట్టునున్న చిన్నయాకులపైఁ గొంతయు, కంటికి ధూళివలెఁ దోఁచు సూక్ష్మగ్రంథులు గలవు. వానిలోని జిగటయే మత్తునకు మూలము. (భంగాకటమని వార్తికకారుఁడన్న రజస్సు పుప్పొడియే కావచ్చును, అయినను నీ ధూళిని జూచినవారికా పదము జ్ఞప్తికి రాక మానదు.) జిగట నూనెలోఁ గరఁగును, నీటఁ గరఁగదు. పిసుకునపుడు కొన్ని గ్రంథులు రాలిపోవచ్చునేకాని తక్కినవి చెక్కుచెదరక యుండును.

ఈ జిగటలోని ముఖ్యసారమగు టెట్రాహైడ్రోకన్నాబినాలును 1964లో నిశ్రాయేలుదేశమున గవోనీ, మెకూలము అను పండితులు వేఱుపఱచి దాని నిర్మాణమును నిరూపించిరి. పచ్చిమొక్కలో నది యామ్లరూపమున నుండును. ఆ రూపమునకు మత్తుగొలుపు గుణము లేదు. వేఁడి తగిలినపుడే మత్తుగొలుపు రూపమును దాల్చును. కావునఁ గడుగుటచేఁ బోనిది నేతిలో వేఁగుటచేఁ బ్రబలమగును. నేయి దానిని దనలోఁ గరఁగించుకొని దేహమునకుఁ జేర్చును. శోధనములో మత్తును దీయు నంగమేదియని వెదకువారికి దొరకునది దానిని మేల్కొలుపు నంగము!

గంజాయిసేద్యము 2018 నుండి చట్టసమ్మతమైన కెనడావంటి దేశములలోఁ గొందఱు పూగుత్తులనే వారముదినములు నీట ముంచి, దినదినము నీరు మార్చి, పిదప నెండింతురు. పొగఘాటు తగ్గును, సువాసన చాలవఱకుఁ బోవును, మత్తు నిలుచును. ఆ మత్తు నీటఁ బోదని యెఱిఁగియే వారీ పని చేయుదురు.

శుధ్ ధాతువునకు శౌచమర్థము. మలము పోవుట శౌచము. ద్రవ్యశక్తి పోవుట కాదు. శక్తియే పోయినచో నౌషధమే లేదు. గ్రహణిరోగమునకుఁ జెప్పఁబడిన జాతీఫలాదిచూర్ణమున జాజికాయ, లవంగము మొదలగు ద్రవ్యములన్నిటి మొత్తమునకు సమముగ భంగ చేరును. నిర్వీర్యమైన యాకును వైద్యుఁడింత తూకమున వేయుట కేమి ప్రయోజనము?

ఇప్పటి శాసనమును గూడఁ జూడవలెను. 1985 నాఁటి మాదకద్రవ్యచట్టము పూగుత్తులను గంజాయిగా నిర్వచించి నిషేధించినది. పూగుత్తులతోఁ గూడని యాకులును గింజలును నా నిర్వచనమునఁ జేరవు. 1945 నాఁటి ఔషధనియమముల 'ఇ(1)' పట్టికలో నాయుర్వేదవిషద్రవ్యముల నడుమ భంగయుఁ గలదు. అట్టి ద్రవ్యములు చేరిన మందులపై, వైద్యపర్యవేక్షణమున సేవింపవలెనను హెచ్చరిక యుండవలెను. ఒకే మందుపొట్లముపై 'శుద్ధభంగ' యను పేరును, దాని ప్రక్కనే యీ హెచ్చరికయుఁ గానవచ్చినచో నవి పరస్పరవిరుద్ధములు కావు.