శాస్త్రీయ సాఫ్టువేరు కోడు హోస్టింగు

పలువురు శాస్త్రజ్ఞులు, ప్రోగ్రామర్లు కలిసి రాసే సాఫ్టువేరు యొక్క సోర్సు కోడును, దాని మార్పుల చరిత్రను, దానిపై జరిగే చర్చలను అంతర్జాలంలో ఒకచోట భద్రపరచి ఇతరులకు అందుబాటులో ఉంచడాన్ని శాస్త్రీయ సాఫ్టువేరు కోడు హోస్టింగు అంటారు. ఇటువంటి సేవను అందించే వెబ్‌సైట్లను కోడు హోస్టింగు సైట్లు అంటారు. సోర్స్‌ఫోర్జ్, గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ ఇందుకు ఉదాహరణలు. కొన్ని పరిశోధన సంస్థలు, కొన్ని ప్రాజెక్టులు ఇతరులపై ఆధారపడకుండా తమ సొంత సర్వర్లలోనే ఈ ఏర్పాటు చేసుకున్నాయి.

కోడును ఎక్కడ ఉంచాలన్నది చూడటానికి చిన్న విషయంగా కనిపిస్తుంది. అయితే శాస్త్రీయ సాఫ్టువేరు ఆయుర్దాయం తరచుగా దానికి ఆశ్రయమిచ్చిన సైటు ఆయుర్దాయం కంటే ఎక్కువగా ఉంటుంది. సంఖ్యాగణనలకు విరివిగా వాడే నమ్‌పై మూలాలు 1995 నాటి న్యూమెరిక్ అనే ప్యాకేజీలో ఉన్నాయి. 2006లో మొదలైన గూగుల్ కోడ్ హోస్టింగు సేవ మాత్రం పదేళ్ళు నిండకుండానే మూతబడింది. కాబట్టి ఒక సైటును ఎంచుకునేటప్పుడు అక్కడ ఉండే సౌకర్యాలతో పాటు, అవసరమైనప్పుడు అక్కడి నుండి ఏమి వెంట తీసుకొని వెళ్ళగలమన్నది కూడా ముఖ్యమైన ప్రశ్న.

నేపథ్యం

ఒక పరిశోధన పత్రంలోని ఫలితాన్ని ఇతరులు సరిచూడాలంటే, ఆ ఫలితాన్ని ఇచ్చిన కోడు వారికి అందాలి. తాజా కోడు అందితే చాలదు, ఆ పత్రం రాసిన నాడు వాడిన వెర్షనే అందాలి. పత్రంలో ఇచ్చిన లంకె కొన్నేళ్ళకు పనిచేయకపోతే ఆ ఫలితాన్ని సరిచూసే దారి మూసుకుపోతుంది. వ్యాపార సాఫ్టువేరుకు ఇంతగా లేని ఈ బాధ్యత శాస్త్రీయ సాఫ్టువేరుకు ఉంది.

రెండవ తేడా మనుషులకు సంబంధించినది. ఈ కోడులో చాలా భాగం పరిశోధక విద్యార్థులు రాస్తారు. పట్టా వచ్చిన తరువాత వారు వేరే ఊరికి, వేరే పనికి వెళ్ళిపోతారు. ప్రాజెక్టుకు వచ్చే నిధులు కూడా సాధారణంగా కొన్నేళ్ళకే పరిమితం. ఒక పంక్తిని ఎందుకు అలా రాశారో తెలిసిన మనిషి వెళ్ళిపోయాక, ఆ కారణం పాత చర్చలలో మాత్రమే మిగిలి ఉంటుంది.

చరిత్ర

1999 నవంబరులో వీఏ లినక్స్ సంస్థ సోర్స్‌ఫోర్జ్‌ను ప్రారంభించింది. అంతకుముందు ప్రతి ప్రాజెక్టూ తన సర్వరును తానే నడుపుకోవలసి వచ్చేది. కోడు నిల్వ, మెయిలింగు లిస్టులు, లోపాల జాబితా, డౌన్‌లోడు సదుపాయం ఒకేచోట ఉచితంగా దొరకడంతో వేలాది ప్రాజెక్టులు అక్కడికి చేరాయి. శాస్త్రీయ చిత్రపటాలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కూడా చాలాకాలం అక్కడే ఉండేది.

ఆ రోజుల్లో వాడిన సీవీఎస్, సబ్‌వర్షన్ అనే వెర్షన్ కంట్రోలు వ్యవస్థలు కేంద్రీకృతమైనవి. అంటే మార్పుల చరిత్ర మొత్తం ఒకే సర్వరులో ఉంటుంది, సభ్యుల కంప్యూటర్లలో తాజా ప్రతి మాత్రమే ఉంటుంది. 2005లో గిట్, మెర్క్యూరియల్ అనే రెండు వికేంద్రీకృత వ్యవస్థలు వెలువడ్డాయి. గిట్‌ను లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ అభివృద్ధి కోసం రూపొందించాడు. వీటిలో కోడును దింపుకొన్న ప్రతి సభ్యుని వద్దా మొత్తం చరిత్ర చేరుతుంది.

గిట్ ఆధారంగా 2008లో గిట్‌హబ్ ప్రారంభమైంది. అదే ఏడాది మెర్క్యూరియల్ ఆధారంగా బిట్‌బకెట్ వచ్చింది. గిట్‌ల్యాబ్ 2011లో మొదలైంది. దీనిని ఎవరైనా తమ సర్వరులో స్థాపించుకోవచ్చు. ఇంటరాక్టివ్ గణనలకు వాడే ఐపైథాన్ 2010లో లాంచ్‌ప్యాడ్ నుండి, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2011లో సోర్స్‌ఫోర్జ్ నుండి గిట్‌హబ్‌కు మారాయి. 2018 జూన్‌లో గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో ఆ కొనుగోలు పూర్తయింది.

మూతబడిన సైట్లు

గూగుల్ కోడ్‌ను మూసివేస్తున్నట్లు 2015 మార్చిలో ప్రకటన వెలువడింది. ఆ ఏడాది ఆగస్టు 24 నుండి అందులో మార్పులు చేయడం కుదరలేదు. 2016 జనవరి 25న సేవ ముగిసింది. 2015లోనే గిటోరియస్ అనే సైటును గిట్‌ల్యాబ్ కొనుగోలు చేసి మూసివేసింది.

సైటు మూతబడకుండానే ప్రాజెక్టులు కదలవలసి రావచ్చు. మెర్క్యూరియల్‌తో మొదలైన బిట్‌బకెట్ 2020లో మెర్క్యూరియల్‌నే తొలగించింది. బీజగణిత గణనలకు వాడే ఐగన్ అనే సీ++ లైబ్రరీ ఆ గడువు రాకముందే, 2019 చివరలో, గిట్‌ల్యాబ్‌కు తరలింది. సోర్స్‌ఫోర్జ్ పేరు మరొక విధంగా దెబ్బతిన్నది. 2013లో ప్రవేశపెట్టిన పథకం కింద కొన్ని డౌన్‌లోడులకు ఇతర ప్రోగ్రాములను జతచేయడం 2015లో తీవ్ర విమర్శలకు గురైంది. 2016లో యాజమాన్యం మారిన తరువాత ఆ పథకాన్ని రద్దు చేశారు.

కోడు, చర్చలు

హోస్టింగు సైటులో నిజానికి రెండు రకాల సంపద ఉంటుంది. మొదటిది కోడు, దాని చరిత్ర. గిట్ వంటి వ్యవస్థలలో ఇది ప్రతి సభ్యుని కంప్యూటరులోనూ ఉంటుంది కాబట్టి సైటు పోయినా నష్టం ఉండదు. నాలుగైదు ఆదేశాలతో మరొక సైటుకు ఎక్కించవచ్చు.

రెండవది చర్చల సంపద. వాడుకరులు తెలిపిన లోపాలు, వాటికి వచ్చిన సమాధానాలు, ప్రతి మార్పుపైనా జరిగిన సమీక్ష, తిరస్కరించిన ప్రతిపాదనలకు చెప్పిన కారణాలు ఇందులోకి వస్తాయి. ఇది సైటు యొక్క డేటాబేసులో మాత్రమే ఉంటుంది. గిట్‌తో కోడును దింపుకొన్నప్పుడు ఇది వెంట రాదు.

2017 జనవరి 31న జరిగిన ఒక సంఘటన ఈ తేడాను స్పష్టంగా చూపింది. గిట్‌ల్యాబ్ వెబ్‌సైటు నిర్వహణలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేసు ఫైళ్ళను తొలగించాడు. ఏర్పాటు చేసుకున్న బ్యాకప్పులలో చాలావరకు పనిచేయలేదు. చివరకు ఆరు గంటల క్రితపు ప్రతి నుండి సైటును పునరుద్ధరించారు. ఆ సంస్థ వెల్లడించిన లెక్క ప్రకారం సుమారు 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు ప్రభావితమయ్యాయి. కోడు రిపాజిటరీలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎంపికలో పరిశీలించే అంశాలు

ప్రవేశం: కొత్తవారు సులభంగా ఖాతా తెరిచి లోపాన్ని తెలియజేయగలగాలి. 2016లో మొదలైన జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనే పత్రిక, తాను ప్రచురించే సాఫ్టువేరు కోడును ఖాతా లేకుండానే చూడగలిగేలా ఉంచాలని నియమం పెట్టింది. సంస్థ ఉద్యోగులకు మాత్రమే ఖాతాలిచ్చే సర్వరు సురక్షితమే అయినా, బయటి శాస్త్రజ్ఞులకు తలుపు మూసినట్లవుతుంది.

చట్టపరమైన ఆంక్షలు: హోస్టింగు సంస్థ ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టాలకు లోబడుతుంది. అమెరికా ఆంక్షల కారణంగా 2010 జనవరిలో సోర్స్‌ఫోర్జ్ క్యూబా, ఇరాన్, ఉత్తర కొరియా, సూడాన్, సిరియాలకు సేవలు నిలిపివేసింది. 2019 జూలైలో గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియాలలోని ఖాతాలపై పరిమితులు విధించింది. ప్రత్యేక అనుమతి పొందిన తరువాత 2021 జనవరిలో ఇరాన్ వాసులకు సేవలు పునరుద్ధరించింది. వాడుకరుల దేశం కూడా అడ్డుకోవచ్చు. 2014 డిసెంబరులో భారత టెలికాం శాఖ ఆదేశాలపై నిలిపివేసిన 32 సైట్ల జాబితాలో గిట్‌హబ్‌కు చెందిన జిస్ట్ సేవ కూడా ఉంది. పలు దేశాల సభ్యులున్న ప్రాజెక్టుకు ఇది నేరుగా తగిలే విషయం.

పరీక్షల వ్యవస్థ: కోడులో మార్పు జరిగిన ప్రతిసారీ పరీక్షలను తమంతట తాముగా నడిపే సేవలు శాస్త్రీయ సాఫ్టువేరుకు ఎంతో అవసరం. నమ్‌పై సహా అనేక ప్రాజెక్టులు ఇందుకు ట్రావిస్ సీఐ అనే సేవను ఉచితంగా వాడుకునేవి. 2021 జూన్‌లో ఆ సంస్థ బహిరంగ ప్రాజెక్టులకు కేటాయించిన సైటును మూసివేయడంతో అవి వేరే ఏర్పాట్లు చూసుకోవలసి వచ్చింది. పరీక్షలను నడిపే అసలు ఆదేశాలను సాధారణ స్క్రిప్టులుగా విడిగా రాసుకుంటే, సేవ మారినప్పుడు మార్చవలసినది కొద్దిగానే ఉంటుంది.

ఫైళ్ళ పరిమాణం: గిట్ అక్షర రూపంలోని కోడుకు అనువైనది. కొలతల దత్తాంశాల వంటి పెద్ద ఫైళ్ళకు అంత అనువు కాదు. గిట్‌హబ్ సాధారణ రిపాజిటరీలో 100 మెగాబైట్లకు మించిన ఫైలును అనుమతించదు. అందువలన దత్తాంశాలను వేరే నిల్వలో ఉంచి, కోడులో వాటి చిరునామా మాత్రమే ఇవ్వడం మంచి పద్ధతి.

ఖాతా యాజమాన్యం: ప్రాజెక్టు ఒక్కరి సొంత ఖాతా కింద ఉంటే, ఆ వ్యక్తి దూరమైన నాడు మిగిలినవారి చేతిలో తాళంచెవి ఉండదు. సమిష్టి ఖాతా తెరిచి, వేర్వేరు సంస్థలకు చెందిన కనీసం ఇద్దరు ముగ్గురికి పూర్తి అధికారాలు ఇవ్వడం ద్వారా ఈ చిక్కును నివారించవచ్చు.

సొంత సర్వరు: దీనివలన ఇతరుల నిర్ణయాలపై ఆధారపడే అవసరం తప్పుతుంది. కానీ భద్రతా సవరణలు, బ్యాకప్పులు, అవాంఛిత ఖాతాల తొలగింపు వంటి పనులను ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి చేయాలి. ఆ పనికి జీతం ఇచ్చే సంస్థ లేనప్పుడు సొంత సర్వరు వాణిజ్య సైటు కంటే త్వరగా మూతబడవచ్చు.

కొన్ని ప్రాజెక్టుల నిర్ణయాలు

ఒకే విధమైన అవసరాలున్న ప్రాజెక్టులు కూడా వేర్వేరు నిర్ణయాలకు వచ్చాయి. సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్ 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల ఒకే యంత్రం. దానిపై పనిచేసే రెండు పెద్ద ప్రయోగాలలో సీఎంఎస్ తన కోడును 2013లో సీవీఎస్ నుండి గిట్‌హబ్‌కు మార్చింది. అట్లాస్ మాత్రం సబ్‌వర్షన్ నుండి సెర్న్ సొంతంగా నడిపే గిట్‌ల్యాబ్ సర్వరుకు మారింది. సర్వరు నిర్వహణకు శాశ్వత సిబ్బంది ఉన్నందువలన అట్లాస్‌కు ఆ మార్గం సాధ్యమైంది.

గణాంక శాస్త్రంలో విరివిగా వాడే ఆర్ భాష తన సొంత సబ్‌వర్షన్ సర్వరునే కొనసాగిస్తున్నది. దాని మూలకోడులో మార్పులు చేసే అధికారం చిన్న బృందానికే ఉండటం వలన పాత పద్ధతి వారికి అడ్డు కాలేదు. జీవశాస్త్ర ప్యాకేజీల సమాహారమైన బయోకండక్టర్ 2017లో సబ్‌వర్షన్ నుండి గిట్‌కు మారినా, సర్వరును మాత్రం సొంతంగానే ఉంచుకుంది.

సేజ్ అనే గణిత సాఫ్టువేరును విలియం స్టీన్ 2005లో ప్రారంభించాడు. అందులో ప్రతి మార్పునూ మరొకరు సమీక్షించిన తరువాతే స్వీకరిస్తారు. ఈ సమీక్షలన్నీ ప్రాజెక్టు సొంతంగా నడుపుకునే ట్రాక్ అనే వ్యవస్థలో టికెట్ల రూపంలో పేరుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో సేజ్ గిట్‌హబ్‌కు మారినప్పుడు కోడును తరలించడం తేలికైన భాగం. ముప్పై వేలకు పైగా ఉన్న పాత టికెట్లను, వాటి సంఖ్యలు మారకుండా, కొత్త చోటికి చేర్చడమే అసలు పని. కోడులోని వ్యాఖ్యలు ఆ సంఖ్యలను ఉదహరిస్తాయి కాబట్టి, అవి మారితే ఆ ఉదాహరణలన్నీ అర్థం లేనివిగా మిగిలేవి.

శాశ్వత భద్రత

హోస్టింగు సైటు రోజువారీ పనికి ఉద్దేశించినది, గ్రంథాలయం వలె శాశ్వతంగా దాచడానికి కాదు. ఆ రెండవ పనికి వేరే సంస్థలున్నాయి. సెర్న్ 2013లో ప్రారంభించిన జెనోడో, విడుదలైన ప్రతి వెర్షన్‌ను దాచి దానికి డీవోఐ అనే స్థిరమైన గుర్తింపు సంఖ్యను ఇస్తుంది. పరిశోధన పత్రాలలో సైటు చిరునామాకు బదులుగా ఈ సంఖ్యను ఉదహరించడం ఉత్తమం. కోడు వేరే సైటుకు మారినా ఆ సంఖ్య మారదు.

ఫ్రాన్సుకు చెందిన ఇన్రియా సంస్థ 2016లో సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే భాండాగారాన్ని ప్రజల ముందుకు తెచ్చింది. 2017లో యునెస్కో దీనితో ఒప్పందం చేసుకుంది. వివిధ సైట్లలో బహిరంగంగా ఉన్న కోడును, దాని పూర్తి చరిత్రతో సహా, ఇది సేకరిస్తుంది. గూగుల్ కోడ్, గిటోరియస్‌లలోని కోడును, బిట్‌బకెట్ తొలగించిన మెర్క్యూరియల్ రిపాజిటరీలను ఈ భాండాగారం భద్రపరచింది.

ఈ రెండు మార్గాలూ ప్రధానంగా కోడును కాపాడేవే. చర్చలను కాపాడుకోవడం ప్రాజెక్టు సభ్యుల చేతిలోనే ఉంది. లోపాల జాబితాను, సమీక్షలను సైటు అందించే ఎగుమతి సదుపాయంతో కాలానుగుణంగా దింపుకొని మరొకచోట దాచడం, ముఖ్యమైన నిర్ణయాల కారణాలను కోడుతో పాటే ఉండే పత్రాలలో, కమిట్ సందేశాలలో రాయడం ఇందుకు వాడే పద్ధతులు. నమ్‌పై ప్రాజెక్టు పెద్ద మార్పుల ప్రతిపాదనలను రిపాజిటరీలోనే ప్రత్యేక పత్రాలుగా ఉంచుతుంది. అలా రాసిన కారణాలు గిట్ చరిత్రలో భాగమై, కోడు ఎక్కడికి వెళ్ళినా దానితో పాటే వెళతాయి.