నమ్మితే చాలా, నడతతో పనిలేదా?

విశ్వాసం ద్వారానే నీతిమంతులుగా తీర్చబడతామన్న బోధ ప్రొటెస్టెంట్ సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లకు కొత్త కాదు. ఎన్నోసార్లు విన్నదే కాబట్టి, అది తెలిసినట్టే అనుకుంటాం.

అపోహ: ఇది మార్టిన్ లూథర్ కనిపెట్టిన సిద్ధాంతం.

వాస్తవం: ఆయనకు పద్నాలుగు శతాబ్దాల ముందే రోమా, గలతీ పత్రికల్లో పౌలు దీని కోసం వాదించాడు. అబ్రాహామును సాక్షిగా నిలబెట్టాడు: సున్నతి కాకముందే, ధర్మశాస్త్రం రాకముందే దేవుడు అతని నమ్మకాన్ని నీతిగా ఎంచాడని. దాన్ని మళ్లీ నట్టింట్లోకి తెచ్చింది లూథర్. అయితే 1517 నాటి ఆయన 95 అంశాల్లో ఈ బోధ వివరంగా ఉంటుందనుకోకండి. వాటి గొడవంతా ముఖ్యంగా పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీదే.

అపోహ: నమ్మితే చాలు, ఎలా బతికినా పరలోకం ఖాయం.

వాస్తవం: అన్నింటికన్నా మొండి అపోహ ఇదే. పౌలు బతికుండగానే పుట్టింది. కృప పెరగడం కోసం పాపం చేస్తూ పోదామా అని రోమా పత్రిక ఆరో అధ్యాయంలో తనే ప్రశ్న వేసుకుని, తనే కొట్టిపారేశాడు. 1530లో ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట లూథరన్లు చదివి వినిపించిన విశ్వాస ప్రమాణం కూడా నాలుగో అంశంలో ఈ బోధ చెప్పి, ఆరో అంశంలో విశ్వాసం సత్క్రియలు ఫలించి తీరాలంది.

మరి విశ్వాసం ఒక్కటే చాలదన్న యాకోబు పత్రిక సంగతేమిటి? లూథర్‌కే ఆ పత్రిక మింగుడుపడలేదు, 1522లో దాన్ని గడ్డితో పోల్చాడు. అంత చిరాకు అక్కర్లేదనిపిస్తుంది నాకు. అన్యజనులు సున్నతి చేయించుకుంటేనే లోపలికి రానిస్తామన్నవాళ్లతో పౌలు తగవు. ఆకలితో ఉన్న సహోదరుణ్ని చల్లని మాట చెప్పి పంపేసేవాళ్లతో యాకోబు తగవు. ఎదుటివాళ్లు వేరు, కాబట్టి మాటా వేరు.

అపోహ: విశ్వాసం ఎంత గట్టిదైతే అంత నీతి.

వాస్తవం: అలాగైతే విశ్వాసం కూడా మార్కులు పడే ఒక క్రియ అయిపోతుంది. ఈ బోధలో అది చాచిన చెయ్యి మాత్రమే, ఇచ్చేది క్రీస్తు. సందేహంతో వణుకుతున్న చేతికైనా అందుతుంది. జబ్బు నయం కానివాళ్లను పట్టుకుని నీ విశ్వాసం చాలలేదని దెప్పే ప్రసంగీకులు ఈ సంగతి ఒకసారి తలచుకుంటే బాగుండు!

అపోహ: కతోలికులది క్రియల వల్ల వచ్చే రక్షణ.

వాస్తవం: 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ, విశ్వాసం మాత్రమే చాలన్న వాదాన్ని ఖండించిన మాట నిజం. కానీ అదే శాసనంలోని మొట్టమొదటి నియమం, కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతులు కావచ్చన్నవాళ్లను శపించింది. అసలు పేచీ వేరే చోట ఉంది: నీతిమంతులుగా తీర్చబడడమంటే దేవుడు నీతిమంతుడని తీర్పు చెప్పడమేనా, మనిషిని లోపల మార్చడం కూడా అందులో కలిసి ఉందా?

1999 అక్టోబర్ 31న, మళ్లీ ఆగ్స్‌బర్గ్‌లోనే, కతోలిక సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య ఈ బోధ గురించిన ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మూల సత్యాల్లో ఏకీభవిస్తున్నామన్నాయి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్‌తో మొదలైన మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ) ఆ సమాఖ్యలో సభ్యసంఘమే. 2006లో మెథడిస్టులూ ఆ ప్రకటనలో చేరారు. నీతిమంతుడిగా తీర్చబడిన విశ్వాసిని ఇంకా పాపి అనవచ్చా అన్న దగ్గర మాత్రం కతోలికులకూ లూథరన్లకూ పొత్తు పూర్తిగా కుదరలేదు.