కార్డుల ఆటలో క్రొత్త కోర్ సెట్టును పరీక్షించుట

పిల్లలు కోరిన ఆటవస్తువును కొనుటకు ముందు దాని గుణదోషముల నెఱుగుట తల్లిదండ్రుల విధి. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందింపగా 1993లో అమెరికాలో వెలువడిన ‘మేజిక్: ది గేదరింగ్’ అను ఆటలో ఎవరి పేకను వారే కూర్చుకొందురు. సామాన్యముగా పేకలో 60 కార్డులకు తక్కువ ఉండరాదు. ప్రాథమిక భూములు తప్ప ఏ కార్డైనను 4 ప్రతులకు మించరాదు.

ఈ ఆటకు పునాదియైన కార్డుల సంపుటమును కోర్ సెట్ అందురు. 2007 నాటి పదవ కూర్పు పూర్తిగా పాత కార్డుల పునర్ముద్రణమే. 2009 జూలైలో వచ్చిన ‘మేజిక్ 2010’లో మాత్రము సుమారు సగము క్రొత్తవి. అట్టి సంపుటమును మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

మొదటిది: నియమములు సుబోధములా? వాడక మిగిలిన మానాశక్తి ఆటగానికే హాని చేయు నియమమును ఆ యేడు తొలగించిరి. క్రొత్తవారికి అది మేలయ్యెను.

రెండవది: సామాన్యమైన కార్డులతో చక్కగా ఆడ వీలగునా? ‘లైట్నింగ్ బోల్ట్’ ఒక్క ఎఱ్ఱ మానాతో 3 పాళ్ల హాని చేయును. అది ఆ సంపుటములో సామాన్య శ్రేణిలోనిదే. కనుక అరుదైనదెల్ల అవసరమైనదని భ్రమపడరాదు.

మూడవది: వ్యయమెంత? మూసిన పొట్లములో ఏమున్నదో కొనువానికి తెలియదు. ఆ సంపుటములో అత్యంత అరుదైన శ్రేణి కార్డు సగటున 8 పొట్లములకు ఒకటి. దానికై బాలుడు మరల మరల కొనుచుండిన, ఆట జూదమువంటిదగును. నెలకింతయని ముందే నిర్ణయించి, కావలసిన కార్డును విడిగా చూచి కొనుట మేలు.

2024 నవంబరులో వెలువడిన ‘ఫౌండేషన్స్’ సంపుటమునకును ఈ ప్రశ్నలే వర్తించును. ఎదుటివాని ఎత్తునకు విరుగుడు ఆలోచించుటయే ఈ ఆటలోని విద్య. పొట్లములు చించుట కాదు.