ఆయాసం ఉన్నవారికి గుండె దడ ఎందుకు?

మా ఓ.పి.కి ఆయాసంతో వచ్చే పెద్దవారిలో చాలామంది, "సిస్టరమ్మా, దమ్ము సంగతి సరే, ఈ గుండె దడ ఏమిటి?" అని అడుగుతుంటారు. అది భయం వల్లనేనని ఇంట్లోవారు తేల్చేస్తారు. భయం కొంత ఉండవచ్చు. కాని ఏళ్ల తరబడి చుట్ట, బీడీ, కట్టెల పొయ్యి పొగ పీల్చి సి.ఓ.పి.డి. అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినవారికి, దడకు శరీరంలోనే కారణాలున్నాయి.

మన ప్రమేయం లేకుండానే గుండెను అదుపు చేసే నరాలు రెండు రకాలు. ఒక రకం వేగం పెంచుతుంది, రెండవది తగ్గిస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే, మెడలోని రక్తనాళాల దగ్గరున్న చిన్న కణుపులు దానిని పసిగట్టి మెదడుకు తెలియజేస్తాయి. అప్పుడు వేగం పెంచే నరాలదే పైచేయి అవుతుంది. అందుకే మంచం మీద కదలకుండా కూర్చున్నా నాడి వేగంగా ఉంటుంది. పైగా ప్రాణవాయువు చాలని ఊపిరితిత్తులలో రక్తనాళాలు బిగుసుకొంటాయి. వాటిలోకి రక్తాన్ని నెట్టి నెట్టి గుండె కుడిభాగం అలసి ఉబ్బుతుంది, కాళ్లకు నీరు దిగుతుంది. అలా సాగిన గుండె లయ తప్పవచ్చు. కొన్ని రకాల లయ తప్పటంలో గుండె లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

మందుల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ చెప్పినదానికంటే ఎక్కువసార్లు వాడితే దడ, చేతుల వణుకు వస్తాయి. అది చూసి రోజూ పీల్చవలసిన మందును కూడా మానేసేవారున్నారు. అప్పుడు ఆయాసం ముదిరి దడ ఇంకా పెరుగుతుంది. డెరిఫిలిన్ వంటి మాత్రలలో ఉండే థియోఫిలిన్‌కు, మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. జ్వరానికని మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ కొని దానితో కలిపి వేసుకొంటే, థియోఫిలిన్ రక్తంలో పెరిగిపోయి వాంతులు, దడ, ఒక్కొక్కసారి ఫిట్స్ కూడా వస్తాయి. పక్కింటివారు దడకు వాడే ప్రొప్రనొలోల్ మాత్ర మీరు వేసుకోవద్దు, శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి.

అయిదు నిమిషాలు కూర్చున్న తరువాత, బొటనవ్రేలి వైపు మణికట్టు మీద రెండు వ్రేళ్లు ఆనించి, నిమిషం నిండా నాడి లెక్కపెట్టండి. నూరు దాటుతున్నా, తప్పి తప్పి కొట్టుకొంటున్నా డాక్టరుగారికి చూపించుకోండి. ఇ.సి.జి. తీస్తే చాలావరకు తెలుస్తుంది. దడతోపాటు ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవటం, పెదవులు నీలంగా మారటం ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు. వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకొని తీసుకురండి.